మాక్ యంత్రములో విండోస్: ఏది మేలు?

ఖమ్మం మొదలు భద్రాచలం అడవి అంచు వరకు తెలుగు ప్రశ్నపత్రములను డి.టి.పి. దుకాణములలో 'అను' లిపులతో, పేజ్‌మేకర్‌లో కూర్చుట పరిపాటి. ఈ పని విండోస్ మీద సాగునది. మాక్ కొనిన ఉపాధ్యాయుడు ఆ ఫైలును ఇంట సవరించుట ఎట్లు? మాక్‌లోనే ఒక కల్పిత యంత్రమును నిలిపి, అందు విండోస్ నడపవలెను.

ఇందుకు పారలల్స్, వి.ఎం.వేర్ ఫ్యూజన్ ముఖ్యమైనవి. సమీక్షకులు సామాన్యముగా వీని వేగమునే కొలుతురు. అది చాలదు. 2020లో వచ్చిన ఎం1 మొదలుకొని మాక్‌లలో ఇంటెల్ చిప్పునకు బదులు ఆర్మ్ జాతి చిప్పు చేరినది. కనుక ఈ రెంటిలోను సామాన్యముగా నడచునది ఆర్మ్ విండోసే. అది పాత ఇంటెల్ ప్రోగ్రాములను అనువదించుకొని నడుపగలదు గాని, పాత డ్రైవర్లను నడుపజాలదు. ఇంటెల్ డ్రైవరు కోరు యు.ఎస్.బి. తాళముగల సాఫ్ట్‌వేర్ ఇచ్చటనే ఆగిపోవును. ఎంత ఖరీదు పెట్టినను ఫలము లేదు. (పాత ఇంటెల్ మాక్ గలవారికి ఈ చిక్కు లేదు.)

పారలల్స్‌ను మైక్రోసాఫ్ట్ 2023లో ఆమోదించినది. అమర్చుట సులువే, కాని వెల గలది. ఫ్యూజన్ 2024 నవంబరు నుండి అందరికిని ఉచితము. బడిపంతులుకు ఫ్యూజనే చాలును. విండోస్ లైసెన్సు మాత్రము వేరుగా కొనవలెను. కొనుటకు ముందే తన ప్రశ్నపత్రమునొకదానిని తెరచి, ఒత్తులు చెదరకున్నవా అని చూచుకొనుట మంచిది.