గజేంద్రుని సంశయము: పురుషవిచారము

గజేంద్రమోక్షణమును బాలురకుఁ జెప్పని పాఠశాల తెలుఁగునాట నరుదు. అయినను బోతన యాంధ్రభాగవతాష్టమస్కంధమునందలి యీ కథలో నొక ఘట్టము పండితులను నిలిపి యడుగును. మొసలికిఁ జిక్కి బలముడిగిన గజేంద్రుఁడు భగవంతుని శరణు వేఁడుచునే యాతఁడు కలఁడో లేఁడో యని శంకించును. రక్షించునను విశ్వాసము శరణాగతికిఁ జెప్పఁబడిన యాఱంగములలో నొకటి గదా! మూలమున లేని యీ శంకను దెనిఁగించిన కవి చేర్చుట యంగలోపము కాదా యని యాక్షేపింపవచ్చును.

తునిలోఁ దాండవనదీతీరమున నొకనాఁటి సాయంకాలము నేనీ కథ చెప్పి ముగింపఁగా నొక గృహస్థు చేరవచ్చి యడిగెను: "అయ్యా! నా కుమారుఁడు మంచము పట్టియున్నాఁడు. దేవునకు మ్రొక్కుచునే యున్నాను గాని మనస్సులో ననుమానము పోదు. అట్టివాని మొఱ దేవుఁడు వినునా?" ఆక్షేపము గ్రంథమునకే పరిమితమైనంతవఱకు సమాధానము సులభము. ఆతని మొగముఁ జూచిన పిదపఁ బ్రకరణమంతయు మరలఁ జదువవలసివచ్చినది.

సంస్కృతమూలమున గజేంద్రుఁడు పూర్వజన్మమున నింద్రద్యుమ్నుఁడను పాండ్యరాజు. అగస్త్యశాపమున నేనుఁగై పుట్టినను, నాఁడభ్యసించిన స్తోత్రమును జపించును. ఈ శరీరముతో జీవింపఁగోరననియు నందుఁ జెప్పును. అది తత్త్వజ్ఞుని స్తుతి. అందుఁ బ్రథమమధ్యమపురుషములు కలసియే నడచును.

పోతన క్రమము వేఱు. తొలుత స్తుతి ప్రాయికముగాఁ బ్రథమపురుషమున సాగును. "అట్టివాఁడు" అని పరమాత్మను దూరముననుంచి వర్ణించుటయే కాని పిలుచుట లేదు. శంకయు నీ భాగముననే పుట్టును. సందేహార్థకమగు నోకారముతోఁ దనలోఁ దాననుకొను మాట యది. పిమ్మట దేహము సడలి, ప్రాణములు తావుదప్పఁగా వాక్యము మధ్యమపురుషమునకుఁ దిరుగును. సంబోధనములును విధ్యర్థకక్రియలును వెంటవెంట వచ్చును.

ఇంతటితో శంక తీఱినదా? తీఱలేదు. ఆ వెనువెంటనే వచ్చు కందపద్యమున "అట" యను వార్తార్థకావ్యయమును మాటిమాటికిఁ జేర్చి, నీవు మొఱ విందువని లోకము చెప్పఁగా వింటినే కాని నాకు సందేహమగుచున్నదని గజేంద్రుఁడు మరలఁ బలుకును. కాని యిపుడు క్రియలు మధ్యమపురుషములు. సందేహము చెప్పఁబడినది కరుణాసముద్రుఁడని పిలువఁబడిన యా దేవునకే. మొదటి శంక దేవునిఁ గూర్చినది. రెండవది దేవునితోఁ జెప్పినది.

సిద్ధమైన దాని నభిముఖము చేయుటయే సంబోధనమని శాబ్దికుల మతము. లేనివానిఁ బిలుచుట పొసఁగదు. కావున మనస్సు సందేహించుచున్నను బిలుచువాని వాక్కు విశ్వాసమును విడువలేదు. అంగలోపము లేదు, విశ్వాసమను నంగము సంబోధనరూపమున నచటనే కలదు. మూలమున స్తోత్రము జ్ఞానికిఁ దగినది. తెలుఁగున నది యార్తునకుఁ గూడఁ దగినదయ్యెను. పోతన చేర్పున కిదియే ప్రయోజనమని నా తలంపు.

కథలో హరి వచ్చెను. లోకమునఁ బ్రతి మొఱకును ఫలమట్లే కానవచ్చునని చెప్పుట సాహసము. కావున నా గృహస్థునకుఁ గుమారుఁడు కోలుకొనునని నేను మాట యీయలేదు. "అనుమానము పోయినపిదపఁ బ్రార్థింతునని యాఁగకుము, ఆ యనుమానమునే దేవునితోఁ జెప్పుకొనుము" అని మాత్రమంటిని. ఇందు యుక్తాయుక్తములను బండితులు పరిశీలింతురు గాక.