రేనాటి తిరుగుబాటు: గేయమును, కారణములును
నేటి నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డకు చేరువనున్న కోయిలకుంట్ల ప్రాంతమున 1846లో చెలరేగిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును జానపద గేయములు వీరగాథగా కీర్తించినవి. విమర్శకునకు అది చాలదు. 11 రూపాయల చిల్లర తవర్జీపై కలిగిన రోషము నాయకుని కదల్పవచ్చును; ఊళ్లను కదల్పజాలదు.

1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేసిన పిమ్మట పాలెగాండ్ర అధికారము సన్నగిల్లెను. గ్రామముల కావలి కాచెడి కట్టుబడుల ఇనాము భూములును క్రమముగా కంపెనీ పరమయ్యెను. జీవిక కోల్పోయిన ఈ కట్టుబడులే ఆ సేనకు వెన్నెముక.

నాయకుని వేదన పోయిన ప్రతిపత్తిని గూర్చి. అనుచరులది పోయిన భూమిని గూర్చి. 1946లో నిజాము పాలనపై లేచిన తెలంగాణ రైతాంగ పోరాటమున భూమియు, వెట్టి విముక్తియు ఉద్యమ లక్ష్యములే అయినవి. ఇచ్చట ఆ ఏకత్వము లేదు. కనుక దీనిని ప్రజావిప్లవ బీజములు గల పాలెగారి తిరుగుబాటనుట యుక్తము.