వాన బయటిది, చెమట లోపలిది

పుష్యమి కార్తెలో ఝరాసంగం చుట్టుపక్కల వాన ఒక్క ఊపున కురిసి వెలిసిపోదు. ముసురు పడుతుంది. పొద్దున మొదలైన తుంపర పొద్దుగూకే దాకా సాగుతుంది. నడుమ గాలి లేచినప్పుడు జల్లు ఏటవాలుగా వచ్చి చెవుల్లో కొడుతుంది. చెట్టు చాటు దొరకని ఎర్రచెలకల మీద గొడుగు ఎందుకూ పనికిరాదు, గాలి దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. ఇలాంటి వానలోనే గొట్టంగుట్ట వైపు, కర్ణాటక సరిహద్దు దాటి చించోళి అడవి వైపు నడకకు బయల్దేరే పిల్లలు నాకు తరచూ ఎదురవుతుంటారు. వాళ్లు ముందుగా అడిగేది జాకెట్ గురించే. ఎన్ని వేలది తీసుకోమంటారు అని. ధర గురించి కాదు ఆ ప్రశ్న, లేబుల్ మీద రాసి ఉండే పదివేలు, ఇరవై వేల మిల్లీమీటర్ల గురించి. ఎంత పెద్ద అంకె అయితే అంత మంచిదని వాళ్ల నమ్మకం. మన నేల మీద, మన వానలో ఆ నమ్మకం నిలబడదు.

ఆ అంకె ప్రయోగశాలలో పుడుతుంది. గుడ్డను బిగించి ఒకవైపు నుంచి నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. రెండోవైపు మూడు చోట్ల చుక్కలు కనబడగానే ఆపి, అప్పటి ఒత్తిడి ఎంత ఎత్తు నీటికి సమానమో చూస్తారు. 10,000 మిల్లీమీటర్లంటే పది మీటర్ల నీరు. పై నుంచి పడే చినుకు ఎంత జోరుగా పడినా అంత ఒత్తిడి పెట్టలేదు. ఒత్తిడి ఎక్కువయ్యేది బ్యాగు పట్టీలు భుజాన్ని నొక్కే చోట, తడిబండ మీద కూర్చున్నప్పుడు, మోకాలు ఆన్చినప్పుడు. వాటిక్కూడా పదివేలు ఉంటే మన గుట్టలకు చాలు. నిజానికి గుడ్డలోంచి నీరు రావడం అరుదు. కుట్ల రంధ్రాల్లోంచి వస్తుంది, జిప్పు పళ్ల మధ్య నుంచి వస్తుంది, మెడ దగ్గర సందులోంచి దిగుతుంది, చెయ్యి పైకెత్తితే మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకుతుంది. అందుకే దుకాణంలో నేను లేబుల్ చదవను. జాకెట్‌ను లోపలివైపు తిరగేసి ప్రతి కుట్టు మీదా టేపు ఉందో లేదో చూస్తాను. కొన్నిటికి భుజాలకూ టోపీకీ మాత్రమే వేసి పక్క కుట్లు వదిలేస్తారు. అలాంటిది వద్దు.

ఇక లోపలి తడి. గుట్ట ఎక్కే మనిషి గంటకు అర లీటరు పైనే చెమట కారుస్తాడు, ఎండాకాలమైతే లీటరు దాకా పోవచ్చు. అది బయటికి వెళ్లకపోతే వానలో తడిసినా జాకెట్లో తడిసినా ఒకటే. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వానకోటుకు పేటెంట్ తీసుకున్నాడు. నీరు లోపలికి రాలేదు, చెమట బయటికి పోలేదు. ఈ చిక్కుకు నమ్మదగ్గ పరిష్కారం దొరకడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క ఉదుటున సాగదీసి, సూక్ష్మరంధ్రాలున్న పలచని పొర తయారుచేశాడు. ఆ గోర్‌టెక్స్‌తో కుట్టిన జాకెట్లు 1976లో అంగళ్లకు వచ్చాయి. నీటిబొట్టు ఆ రంధ్రాల్లో దూరదు, ఆవిరి దూరుతుంది.

అయితే ఆవిరి తనంత తానుగా బయటికి పోదు. లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే పోతుంది. హిమాలయాల్లో చల్లని పొడిగాలి ఉన్నప్పుడు ఆ తేడా బాగా ఉంటుంది, పొర చక్కగా పనిచేస్తుంది. మన జూలై ముసురులో బయటి గాలి వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. తేడా తగ్గిపోతుంది. చదరపు మీటరుకు రోజుకు ఇరవై వేల గ్రాముల ఆవిరి పోతుందని లేబుల్ చెప్పేది ప్రయోగశాల గాలిలో మాట. పైగా ఆ పరీక్ష ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో చేస్తుంది. రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల తేలేదేమీ లేదు.

ఈ సంగతి మా వైపు గొర్రెల కాపరులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల వాన జాకెట్ గొంగడి. దక్కనీ గొర్రె నల్లటి ముతక ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆడవాళ్లు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, కురుమలు గుంట మగ్గం మీద నేస్తారు. ఉన్ని వెంట్రుకకు పుట్టుకతోనే కొవ్వు ఉంటుంది కాబట్టి చినుకు పై నూగు మీద నిలిచి జారిపోతుంది. దాదాపు తన బరువులో మూడో వంతు తేమ పీల్చుకున్నా ఉన్ని ఒంటికి తడిగా తగలదు. పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. ఆగకుండా కురిస్తే గొంగడీ నానుతుంది, బరువెక్కుతుంది. అది నిజం. అయినా మనిషిని వణకనివ్వదు. ఒక మూల మడిచి తలకు ముసుగు వేసుకుంటారు, మిగతాది భుజాల మీదుగా వదులుగా వేలాడుతుంది. ముందు, కింద అంతా తెరిపి. రాత్రి మందల దగ్గర అదే పక్క, అదే దుప్పటి. ఝరాసంగం చెలకల్లో ఒక పెద్దమనిషి నా జాకెట్ అంచు పట్టుకుని, నలిపి చూసి, "గాలి ఆడకుంటె మనిషి లోపట్నే తడుస్తడు బిడ్డా" అన్నాడు. జాకెట్ కొనడం గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిది మరొకటి లేదు. ఆ చెలకల్లోనే యూరియా సంచి మూలను ఇంకో మూలలోకి దోపి, తలకు తొడుక్కుని కంది చేలో కలుపు తీసే అక్కల తీరూ అంతే. తలా వీపూ కప్పుకుంటారు, ముందువైపు గాలికి వదిలేస్తారు.

కాబట్టి మన దగ్గరి నడకలకు నేను చెప్పేది: పదివేల అంకె చాలు, చంకల కింద పొడుగాటి జిప్పులు మాత్రం తప్పనిసరి. ఎక్కేటప్పుడు అవి తెరిచి నడవాలి. కొలత ఒక సైజు వదులుగా ఉండాలి, అంచు పిరుదులు దాటాలి. టోపీకి ముందు గట్టి అంచు ఉండాలి. తల పక్కకు తిప్పితే టోపీ కూడా తిరగాలి, లేకపోతే దారి పక్కన లోయ ఉన్నా కనబడదు. లోపల నూలు బనియను వద్దు, అది చెమట పట్టుకుని వదలదు. పుణె దారిలో ముందుకు పోయి సహ్యాద్రి కోటలు ఎక్కేవాళ్లకు లెక్క మారుతుంది. అక్కడి వాన మన వాన కాదు. గంటల తరబడి కుమ్మరిస్తుంది. అక్కడికి పదిహేను, ఇరవై వేలది, మూడు పొరలది కావాలి. హిమాలయాలకూ అదే, కానీ కారణం వేరు. అక్కడ తడిసిన ఒంటికి గాలి తోడైతే శరీరపు వేడి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లోపల ఉన్ని స్వెటరో ఫ్లీసో పట్టేంత వదులు చూసుకోవాలి. 2014 మేలో మన పల్లెపిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కాక మన పల్లె పిల్లలకు హిమాలయం అందని ఊరు కాదు. ఆ దారి పట్టే పిల్లలకు అప్పు చేసైనా మంచి జాకెట్ కొనమని తల్లిదండ్రులకు చెబుతాను. బూట్ల తర్వాత డబ్బు పెట్టాల్సింది దాని మీదే.

కొన్నాక చూసుకోవడం కూడా ఉంది. పై గుడ్డకు నీటిని జార్చే పూత ఉంటుంది. అది అరిగితే గుడ్డ నానుతుంది, నానిన గుడ్డలోంచి ఆవిరి పోదు. అప్పుడు జాకెట్ కారుతోందని చాలామంది పారేస్తారు. పారేయక్కర్లేదు. మెత్తని సబ్బునీళ్లతో ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించి, ఆరాక పైన పలచని గుడ్డ పరిచి గోరువెచ్చని ఇస్త్రీ చేస్తే పూత మళ్లీ లేస్తుంది. బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఆ పూతల్లో దశాబ్దాలుగా వాడిన ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీళ్లలో విచ్ఛిన్నం కాకుండా మిగిలిపోతాయి. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి బట్టల్లో వాటిని నిషేధించింది. అతి తీవ్రమైన తడికి వాడే జాకెట్లకు మాత్రం 2028 దాకా గడువిచ్చింది. చాలా కంపెనీలు ఇప్పుడు వేరే పూతల కోసం వెతుకుతున్నాయి. గొర్రె ఒంటి మీద అది ఎప్పటినుంచో ఉంది.

ఆ గొర్రే మన దగ్గర తగ్గిపోతోంది. మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని లేని నెల్లూరు జాతి వచ్చింది. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు బయటి రాష్ట్రాల మందలు ఇంకా ఎక్కువగా దిగాయి. కాపరులకు ఆదాయం రావాలి, దాన్ని కాదనను. కానీ దక్కనీ ఉన్ని కొనేవాడు లేక కత్తిరింపు కూలి కూడా గిట్టకపోతే, కత్తిరించిన ఉన్నిని కంచె పక్కన పడేయడం తప్ప కాపరి ఏం చేస్తాడు? హైదరాబాద్‌లో ఎర్తెన్ ట్యూన్స్ అనే చిన్న సంస్థ ఈ ఉన్ని గుడ్డతో రైతులకు బూట్లు కుడుతోంది. బురదలో, ఎండలో పనికొచ్చే బూట్లు. అదే పని జాకెట్‌కూ జరగాలి. భుజాలకు, వీపుకు, టోపీకి సన్నగా నేసిన దక్కనీ ఉన్ని, పక్కలకూ చేతులకూ గాలి ఆడే తేలికపాటి గుడ్డ. సహ్యాద్రి కుండపోతకు అది ఆగదు, ఆగాల్సిన పనీ లేదు. పుష్యమి ముసురులో గొట్టంగుట్ట ఎక్కి దిగడానికి సరిపోతుంది. కుట్టగల దర్జీలు జహీరాబాద్ బజారులో ఉన్నారు. కొలతలు చెప్పడానికి నేను సిద్ధం. ఉన్ని కొనే చెయ్యి ఒకటి ముందుకు రావాలి, మగ్గాలు ఇంకా ఆడుతున్నప్పుడే.