మాను కొట్టేవాళ్ల మాట పదకోశంలో ఎక్కడుంది?

మా ఇంటెనక చింతమాను కొట్టించాల్సి వచ్చింది. వేర్లు సంపు గోడను పగలదీసినాయి, ఒక కొమ్మ కరెంటు తీగ మీదికి వాలింది. హోసూరు పక్క పల్లెనుంచి మనుషులు వచ్చినారు. మేస్త్రీ మన తెలుగాయనే. పైకెక్కే పిల్లోళ్లు ఇద్దరు, ఒకడిది తెలుగిల్లు, ఒకడిది తమిళం. లారీ డ్రైవరుది కన్నడం. రిటైరైనవాణ్ణి, వేరే పనేముంది, రెండు దినాలు కుర్చీ వేసుకుని వాళ్ల మాటలు వింటా కూర్చున్నా. రాత్రికి మాండలిక వృత్తి పదకోశం తీసి చూసినా.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన వ్యవసాయ పదాల సంపుటి గురించి చెప్తా ఉండా. నేను కామర్స్ చదివినవాణ్ణి, భాషాశాస్త్రం నాకు రాదు. అయినా ఆ పుస్తకం ముందర చేతులు జోడిస్తా. రైతు నోట్లో మాటకు అచ్చులో చోటిచ్చి, ఏ మాట ఏ ప్రాంతంలో అంటారో చూపించింది. తెలుగుకు ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలు అని నాలుగు భాగాలు తేలింది ఆ సర్వేతోనే. 1971లో చేనేత సంపుటి వచ్చింది.

నా ఫిర్యాదు వేరే. ఆ సర్వే రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోయింది. మా హోసూరు అప్పుడు సేలం జిల్లా, 1965లో ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. జిల్లాలు మారినాయి గాని, ఏ లెక్కలోనూ మేము దక్షిణ మండలం కిందికి రాలేదు. కుప్పం దాటితే తెలుగు నిలిచిపోతుందా? సరే, అది ప్రభుత్వ పుస్తకం, వాళ్ల హద్దులు వాళ్లవి అనుకుందాం.

రెండోది ఇంకా పెద్దది. మాను కొట్టేవాడు ఏ వృత్తి కిందికి వస్తాడు? వ్యవసాయం మాను పెరిగేదాకా. వడ్రంగం మాను పడినాక. నడుమ ఉండేవాడికి కులవృత్తి లేదు, సంఘం లేదు, అందుకే సంపుటీ లేదు. గొడ్డలి, కొడవలి, మోకు అనే పేర్లు ఏ కోశంలోనైనా దొరుకుతాయి. ఆ పేర్లతో ఏం మాట్లాడతారో దొరకదు.

ఒకటి చెప్తా. చేతిలో పెట్రోలు మిషన్ ఉన్నా వీళ్లు "మాను కొట్టినాము" అనే అంటారు. కోసేది మిషన్, క్రియ మాత్రం గొడ్డలిది. పడినాక ముక్కలు చేసేటప్పుడు "కోసేది", "తుండ్లు వేసేది". రంపం అంటే చేతిరంపమే, మిషన్ను ఎవరూ రంపం అనరు. ముందర గాటు తీస్తే "నోరు తీసేది". "ముందర నోరు తీసి, వెనకనుంచి కోసుకోని రా, నడుమ నాలుగేళ్లు ఇడువు" అన్నాడు మేస్త్రీ. ఆ నాలుగేళ్ల మందం కట్టె విడిచిపెట్టకపోతే మాను ఎటు పడుతుందో దాని ఇష్టం. మిషన్ కోతలో ఇరుక్కుంటే ఆప్పు కొడతారు. చీల అన్నమాట. తమిళంలో "ఆప్పు పెట్టడం" అంటే ఒకణ్ణి ఇరికించడం. ఇక్కడ ఇరుక్కున్నదాన్ని విడిపించేది ఆప్పే!

మధ్యాన్నం మేస్త్రీ కిందికి చూసి అరిచినాడు: "పొట్టు రాలాల, పిండి రాలతా ఉండాది, అరం పట్టు." చైను పదునుగా ఉంటే పొట్టు పలుకులుగా రాలుతుంది, మొద్దుబారితే పిండిలాగా. రంపం గురించి ఇంత పనికొచ్చే వాక్యం నేను పుస్తకంలో చూడలేదు. నేనేం చేసినా? "అరం కాదప్పా, ఆకురాయి అనాల" అని దిద్దినా. "అట్లనా సార్" అన్నాడు. అంతే, సాయంత్రందాకా నాతో సినిమా తెలుగు మాట్లాడినాడు. సగం దినం నాకు ఒక్క మాటా దక్కలేదు.

మన తెలుగు చరిత్ర రాసేవాళ్లమంతా చేసే తప్పు ఇదే, నేను ముందు. పాత మాట దొరికితే పండగ చేస్తాము, అరం, లోడు, మిషన్ వస్తే కలుషితమని కొట్టేస్తాము. మేస్త్రీని మరుసటి దినం క్షమించమని అడిగి, మోకు దగ్గర మాటలు చెప్పమన్నా. మూడే అన్నాడు. పిడి, విడు, నిలుపు. ఎవరి ఇంటి భాష ఏదైనా అవే. "ఆడ తెలుగు, అరవం అని చూస్తే కాలు పోతాది సార్." పిడి తమిళం కదా అని అడగబోయి నోరు మూసుకున్నా. మన పిడికిలిలోనూ, కత్తి పిడిలోనూ ఉండేది అదే.

లారీకి ఎత్తేటప్పుడూ అంతే. "మొదలు ముందరికి, కొన ఎనక్కి" అని మేస్త్రీ అంటే, డ్రైవరు "బుడ ముందక్కె" అన్నాడు. ఎవరూ ఎవరినీ దిద్దలేదు. దుంగలు సరిగ్గానే ఎక్కినాయి.

బ్యాంకులో ఉన్నప్పుడు ఇట్లాంటివాళ్లకు మిషన్ లోన్లు నేనే ఇచ్చినా. ఫారంలో ఇంగ్లీషులో మెషినరీ అని రాసి, మార్జిన్, వడ్డీ, జామీను రాసుకున్నా. ఎదురుగా కూర్చున్నాయన పెట్రోలు లెక్క "లీటరుకి ఇరవై" అంటే, ఇరవై మిల్లీలీటర్ల ఆయిలు అని ఖర్చు పద్దులో వేసుకున్నా. ఆయన దాన్ని కలపడాన్ని ఏమన్నాడో రాసుకోలేదు. చాలామంది సంతకం మటుకు తెలుగులో పెట్టేవాళ్లు.

పైకెక్కిన తెలుగు పిల్లోడికి ఆ సంతకం కూడా రాదు. చదివింది తమిళం మీడియం. 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చినాక ఒకటో తరగతినుంచే తమిళం తప్పనిసరి అయింది కదా. వాడి తెలుగు ఇంట్లో కొంత, మాను మీద కొంత. నోరు, పొట్టు, మొదలు, కొన, ఇవన్నీ మేస్త్రీ దగ్గర నేర్చుకున్నవే. మేస్త్రీ పని మానేస్తే వాడికి చెప్పేవాళ్లు ఎవరు? పదకోశం రెండో భాగం ఎవరైనా వేస్తే, మొదట ఈ పిల్లోడి దగ్గర కూర్చోవాల, పండితుల దగ్గర కాదు.

నా పాత లెడ్జరు పుస్తకంలో రాసినా. "అరం: మిషన్ చైను పళ్లు రుద్దే గుండ్రటి ఇనప కడ్డీ. హోసూరు పక్క, మాను కొట్టేవాళ్లు. వాడుక: పిండి రాలతా ఉండాది, అరం పట్టు." పక్కన బ్రాకెట్లో తమిళం అని వేసి, మళ్లీ కొట్టేసినా. కన్నడంలోనూ అర అనే అంటారు. మూడు భాషలు కలిసే ఊళ్లో దాన్ని ఎవరి ఖాతాలో జమ చేసేది?