రెండుసార్లు తడితే సరే

ఆయన బయట స్టూలు మీద నిలబడి ఉన్నారు. ఆవిడ లోపల మోకాళ్ల మీద ఉన్నారు. ఇద్దరి మధ్యా అల్యూమినియం రేకు. ఒకరికొకరు కనపడరు. ఆయన చేతిలోని రివెట్ గన్ ఒక్క సెకను టకటకలాడి ఆగింది. లోపలి నుంచి రేకు మీద ‘టక్’ మని ఒక చప్పుడు. ఆయన మళ్లీ గన్ ఆనించి ఇంకో చిన్న దరువు వేశారు. ఈసారి లోపలి నుంచి ‘టక్ టక్’ మని వినిపించింది. ఆయన పక్క రంధ్రానికి జరిగారు.

ఒకసారి తడితే ‘ఇంకాస్త కొట్టు’. రెండుసార్లు తడితే ‘సరే, కుదిరింది’. మూడుసార్లు తడితే ‘చెడింది, తీసెయ్యాలి’. విమానాల ఫ్యాక్టరీల హోరులో మాట వినపడని చోట పనివాళ్లు వాడుకున్న భాష ఇది. ఒహాయోలో మా వీధి చివరి ఇంటి ముందు, అరవై దాటిన ఆ దంపతులు ఈ భాషతోనే 1962 నాటి ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను మళ్లీ నిలబెట్టారు. మూడేళ్లు పట్టింది. సెలవు రోజుల్లో వెళ్లి చూస్తూ, అప్పుడప్పుడూ చెయ్యి సాయం పడుతూ నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పనితనం అనే మాటకు నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ట్రైలర్ అంటే ఇక్కడ కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. పడక, పొయ్యి, సింకు, భోజనాల బల్ల అన్నీ అందులోనే. చెక్క చట్రం మీద పల్చటి రేకు కొట్టి చేసిన పెట్టెలు వీటిలో చాలా ఉంటాయి. నీరు దిగితే లోపలి చెక్క పుచ్చిపోతుంది, బండి తుక్కు కింద పోతుంది. ఎయిర్‌స్ట్రీమ్ గోడల్లో చెక్క ఉండదు. దాన్ని విమానం కట్టినట్టు, తోక చితక్కొట్టి బిగించే రివెట్లతో అల్యూమినియం రేకుల్ని కలిపి కట్టారు.

ఆ పోలిక ఊరికే పుట్టలేదు. 1927లో లిండ్‌బర్గ్ అనే పైలట్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమానం శాన్ డియాగోలో తయారైనప్పుడు ఆ పనిని దగ్గరుండి చేయించినవాడు హాలీ బౌలస్. గ్లైడర్ల నిపుణుడు. 1934లో ఆయన రివెట్లు కొట్టిన అల్యూమినియం ట్రైలర్ ‘రోడ్ చీఫ్’ తయారు చేశాడు. దానికి తలుపు ముందువైపు, కారుకు తగిలించే కొక్కెం పైన ఉండేది. వ్యాపారం నిలవలేదు. అప్పటికే ట్రైలర్లు కడుతూ, ఇంట్లో ఎవరికి వారు కట్టుకోవడానికి నక్షాలు అమ్ముతూ ఉన్న వాలీ బయమ్ ఆ రూపాన్ని అందుకుని, తలుపును పక్కకు మార్చి, 1936లో ఎయిర్‌స్ట్రీమ్ పేరుతో ‘క్లిప్పర్’ తెచ్చాడు. నలుగురు పడుకునే ఆ బండి వెల 1,200 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అల్యూమినియం అంతా విమానాలకు పోవడంతో బయమ్ కూడా విమాన ఫ్యాక్టరీల్లో పనికి కుదిరాడు. యుద్ధం తర్వాత మళ్లీ ట్రైలర్ల దగ్గరికి వచ్చాడు. 1947లో ఆల్‌ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిల్ పందేల వీరుడు సైకిల్‌తో ట్రైలర్‌ను లాగుతున్న ఫొటో, ఆ బండి ఎంత తేలికో ఒక్క చూపులో చెప్పింది. 1952లో ఒహాయోలోని జాక్సన్ సెంటర్‌లో ఫ్యాక్టరీ తెరిచారు. ఆ కంపెనీ ఈనాటికీ ఆ ఊళ్లోనే ఉంది.

ఇక ఆ రేకు సంగతి. మన ఇళ్లలో సత్తు గిన్నె తెలియనివాళ్లు ఉండరు. అదీ అల్యూమినియమే. మెత్తటిది, కిందపడితే సొట్ట పోతుంది, కానీ ఏళ్ల తరబడి నీళ్లలో నానినా ఇనుములా తుప్పు పట్టదు. దానికి నూటికి నాలుగు పాళ్లకు పైగా రాగి, ఇంకొంచెం మెగ్నీషియం కలిపి, తగిన వేడి చూపిస్తే విమానాలకు పనికొచ్చే గట్టి రేకు అవుతుంది. రాగి బలం ఇస్తుంది, కానీ తేమకు త్వరగా తుప్పు పట్టే గుణం కూడా అదే తెస్తుంది. అందుకని ఆ గట్టి రేకుకు రెండువైపులా శుద్ధ అల్యూమినియం పొరను అంటిస్తారు. దీన్ని ఆల్‌క్లాడ్ అంటారు. ఈ బండి పైరేకు మందం దాదాపు 0.8 మిల్లీమీటర్లు. పైపొర అందులో నూటికి ఐదు పాళ్లు, అంటే 0.04 మిల్లీమీటర్లు. తలవెంట్రుకలో సగం మందం. లోపలి బలం విమానానిది, పైన దాన్ని కాపాడుతున్నది సత్తు గిన్నె. ఈ లెక్క తెలిసినవాళ్లు ఆ రేకు మీద గరుకు కాగితం వేయరు. ఒక్కసారి ఆ పొర పోతే మళ్లీ రాదు.

గుడ్డుకు పెంకులోనే బలం ఉన్నట్టు ఈ బండికి రేకులోనే బలం ఉంది. వంపు తిరిగిన అల్యూమినియం పక్కటెముకలకు బయట ఒక రేకు, లోపల ఒక రేకు. రెండూ కలిసి బరువు మోస్తాయి. ముందూ వెనకా గుండ్రటి కొసల దగ్గర రేకును రెండు దిక్కులకూ వంచాలి కాబట్టి అక్కడ పనసతొనల్లా సన్నటి పలకలను పక్కపక్కనే పేర్చి కుట్టారు. 1950ల బళ్లలో కొన్నింటికి ఒక్కో కొసకు 13 పలకలు ఉండేవి, తర్వాత 7కు తగ్గాయి. ఇష్టపడి కొనేవాళ్లు మొదట వీటినే లెక్కపెడతారు.

ఆ దంపతులు బండిని కొనే ముందు చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. ఆయన వెనక బంపర్ మీద ఎక్కి నిలబడి మెల్లగా ఊగారు. ఆవిడ నేల మీద చతికిలబడి బంపర్‌కూ పెంకుకూ మధ్య సందును చూశారు. బంపర్ దిగింది, పెంకు కదల్లేదు. అంటే రెండింటికీ ఉన్న బంధం తెగిపోయింది. పాత ఎయిర్‌స్ట్రీమ్‌లకు వచ్చే ఈ జబ్బు చాలామందికి తెలిసిందే. కింద ఉక్కు చట్రం, దాని మీద ప్లైవుడ్ నేల, ఆ నేల అంచు మీద చుట్టూ తిరిగే అల్యూమినియం కాలువ, ఆ కాలువలో పెంకు. ఈ నాలుగింటినీ బోల్టులు కలిపి పట్టి ఉంచుతాయి. వెనక కిటికీ దగ్గరో బంపర్ దగ్గరో దిగిన నీరు ప్లైవుడ్ అంచును ఏళ్ల తరబడి నానబెట్టి పొడి చేస్తుంది. బోల్టు ఉంటుంది, అది పట్టుకోవడానికి చెక్క ఉండదు. రెండో పరీక్ష చక్రం దగ్గర. 1960ల మొదట్లో వచ్చిన ఇరుసుల్లో కమానుపట్టీలు లేవు. ఉక్కు గొట్టంలో ఇరికించిన రబ్బరు కడ్డీలు మెలి తిరిగి కుదుపును మింగుతాయి. ఆరోగ్యంగా ఉంటే చక్రాన్ని పట్టుకున్న చెయ్యి కిందికి వాలి ఉంటుంది. ఈ బండికి అది అడ్డంగా నిలిచిపోయి ఉంది. రబ్బరు రాయి అయింది. రెండు పరీక్షల్లోనూ తప్పిన బండినే, వెల తగ్గించుకుని, తెలిసి తెలిసీ కొన్నారు.

మొదటి ఏడాదంతా విప్పడమే. లోపలి రేకుల రివెట్లను ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి తీశారు. ప్రతి రేకు వెనకా అంకె, పైవైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు. లోపలి రేకు తీసేసరికి ఎలుకలు గూళ్లు కట్టిన గాజు నూలు, రంగు వెలిసిన వైర్లు బయటపడ్డాయి. గోడలు వదులైనట్టు ఊగసాగాయి. లోపలి రేకు అలంకారం కాదని నాకు చేత్తో తోసినప్పుడు తెలిసింది. పెంకు విచ్చుకోకుండా లోపల అడ్డంగా కర్రలు బిగించి, చెక్కతో రెండు పెద్ద చట్రాలు నిలబెట్టి, చైన్ బ్లాకులతో పెంకును అంగుళం అంగుళంగా పైకి లేపారు. కింద నుంచి చట్రాన్ని తోసుకుంటూ బయటికి తెచ్చిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. నేల లేని, చక్రాలు లేని ఆ వెండి పెంకు గాలిలో వేలాడుతూ తన బరువు ఎంత తక్కువో చూపించింది.

చట్రానికి తుప్పు గోకి, తినేసిన చోట కోసి కొత్త ఉక్కు అతికి, రంగు వేశారు. ఇరుసు కొత్తది. ప్లైవుడ్ కొత్తది, దాని అంచులకు మూడుసార్లు ఎపాక్సీ తాగించారు. ఉక్కు, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి తగిలితే అల్యూమినియం కరిగిపోతుంది కాబట్టి అవి కలిసే ప్రతి చోటా మధ్యలో టేపు పరిచారు. ఈ టేపు ఇక ఎవరికీ కనపడదు. ఆవిడ దాన్ని అంచులు కలిసేలా, చీరకు కుచ్చిళ్లు సర్దినంత ఓపికగా సర్దారు.

చెడిన కింది రేకుల్ని మార్చడంతో రివెట్ల పని మొదలైంది. పాత రేకునే నమూనాగా కొత్త రేకు మీద పరిచి, పాత రంధ్రాల్లోంచి కొత్తవి వేశారు. పక్కటెముకలో అరవై ఏళ్ల కిందట ఎవరో వేసిన రంధ్రంతో కొత్త రేకు రంధ్రం కచ్చితంగా కలవాలి. కలిసిన ప్రతి చోటా ముందు క్లీకో అనే స్ప్రింగు పిన్ను గుచ్చుతారు. రివెట్ సైజును బట్టి వీటికి రంగులుంటాయి. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు రివెట్‌కు రాగి రంగువి. రేకు పొడవునా ఆ పిన్నులు బారులు తీరి నిలబడితే బండి ముళ్లపంది అయిపోతుంది. తర్వాత ఒక పిన్ను తీసి ఒక రివెట్, ఇంకో పిన్ను తీసి ఇంకో రివెట్.

ఒక శనివారం లోపలి పని నాకు ఇచ్చారు. నా చేతిలో అరచేతికి సరిపోయే ఉక్కు దిమ్మ. బయటి నుంచి రివెట్ తోక రంధ్రంలోంచి పొడుచుకొస్తుంది. దాని మీద దిమ్మను నిటారుగా ఆనించాలి. గట్టిగా నొక్కితే రివెట్ తల బయటికి లేస్తుంది, వదులుగా పడితే రేకే సొట్ట పోతుంది. బయట గన్ మోగగానే దిమ్మ అరచేతిలో కొట్టుకుంటుంది. ఆ ఒక్క సెకనులో తోక చితికి చిన్న బిళ్ల అవుతుంది. బిళ్ల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ మందంలో సగం ఉండాలి. నేను వేసిన మొదటి ఐదింటిలో రెండు పక్కకు వాలాయి. మూడుసార్లు తట్టాను. బయటి నుంచి ఆయన ఒక్క మాట అనలేదు. డ్రిల్ అందుకుని ఆ రెండూ తీసేసి, కొత్తవి పెట్టి, గన్ ఆనించి ఎదురుచూశారు. ఈసారి కుదిరింది. రెండుసార్లు తట్టినప్పుడు నా వేళ్లకు కలిగిన సంతోషం చెప్పలేను.

లోపల మనిషి అక్కర్లేని రివెట్లూ ఉన్నాయి. బయటి నుంచే లాగి బిగించి, మిగిలిన మొనను చెక్కేస్తే చూడటానికి తేడా తెలియదు. చెయ్యి దూరని మూలల్లో మాత్రమే వాళ్లు వాటిని వాడారు. చెయ్యి దూరే చోట ఇద్దరూ ఉండాల్సిందేనన్నది వాళ్లు పెట్టుకున్న నియమం.

మెరుగు పెట్టడం మూడో వేసవి పని. 1960ల మధ్య నుంచి వచ్చిన బళ్లకైతే ఫ్యాక్టరీలో వేసిన పారదర్శకమైన పూతను ముందు ఊడదీయాలి. ఈ బండికి ఆ బాధ లేదు. విమానాలకు వాడే పాలిష్ ముద్దను కొద్దికొద్దిగా అద్ది, గొర్రె ఉన్ని బిళ్ల తొడిగిన యంత్రంతో రెండేసి అడుగుల మేర తిప్పుతారు. నల్లటి మడ్డి పుడుతుంది. దాన్ని తుడిస్తే కింద ఆకాశం కనిపిస్తుంది. తర్వాత రెండు తలలు చిన్న చిన్న సున్నాలు చుట్టే మరో యంత్రంతో మొదటిది మిగిల్చిన గీతల్ని తీస్తారు. అద్దంలాంటి ఆ రేకు తన మీద జరిగిన పనినంతా బయటపెడుతుంది. గన్ జారిన చోట రివెట్ పక్కన నెలవంక లాంటి నొక్కు పడుతుంది. పనివాళ్లు దాన్ని ‘నవ్వు’ అంటారు. తలుపు కింద ఆయన మొదటి వారంలో వేసిన నవ్వు ఒకటి ఉంది. దాన్ని తియ్యమని ఆవిడ అనలేదు. మెరుగు మాత్రం మిగతా వాటితో సమానంగా దానికీ పెట్టారు.

పై రేకు కింది రేకు మీదకు వచ్చేలా, పెంకుటింటి కప్పులా, ఈ బండి రేకుల్ని పరుస్తారు. అయినా సందుల్లో సీలెంట్ పట్టించాలి. ఆయన సిలికాన్‌ను దగ్గరికి రానివ్వలేదు. ఒకసారి దాన్ని పూసిన చోట తర్వాత మరే సీలెంటూ అంటుకోదు. ఈ పెంకుకు ఉన్న పేరు చిన్నది కాదు. 1969లో చంద్రుడి మీద నుంచి తిరిగి వచ్చిన అపోలో 11 వ్యోమగాముల్ని ఎయిర్‌స్ట్రీమ్‌నే మార్చి కట్టిన గదిలో, బయటి మనుషులకు దూరంగా ఉంచారు. అలాంటి పేరున్న పెంకు కూడా ఇంటి ముంగిట్లో ఒక్కో అతుకు దగ్గరా తన మాట నిలబెట్టుకోవాల్సిందే.

లోపలి రేకులు మూసే ముందు నీళ్ల పరీక్ష. పైనుంచి మొదలుపెడితే కారింది ఎక్కడి నుంచో తెలియదు కాబట్టి ఆయన గొట్టంతో కింది అతుకు నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరుస తడుపుతూ పైకి వెళ్లారు. లోపల ఆవిడ టార్చి పట్టుకుని ఒక్కో పక్కటెముకనూ వెతికారు. ముందు కిటికీ మూల దగ్గర ఒక చుక్క. తుడిచి, ఆరబెట్టి, మళ్లీ పూసి, మర్నాడు మళ్లీ తడిపారు. ఆ పని నాలుగు రోజులు సాగింది.

చిన్నప్పుడు మా ఇంట్లో బకెట్ కారితే దానికి కొత్త అడుగు వేయించేవాళ్లు. అడుగు వేయించుకోగలిగేలా ఆ బకెట్‌ను కట్టినవాడి మంచితనం అప్పుడు నాకు తట్టలేదు. ఈ బండిని కట్టినవాళ్లు ప్రతి అతుకునూ విప్పి మళ్లీ వేయగలిగేలా వదిలారు. ఆ ఫ్యాక్టరీలో 1962లో ఒక రేకుకు ఇరువైపులా నిలబడిన ఇద్దరి పేర్లు మనకు తెలియవు. వాళ్లు వేసిన రివెట్లలో చాలావరకు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటి పక్కనే ఈ ఇద్దరు వేసినవి ఉన్నాయి.

ఐదో రోజు నీళ్ల గొట్టం అవసరం రాలేదు. అక్టోబరు వాన సాయంత్రం మొదలై జోరందుకుంది. నేను గొడుగేసుకుని వెళ్లేసరికి ఆయన రెయిన్‌కోటులో తలుపు బయట నిలబడి ఉన్నారు. లోపల టార్చి వెలుగు కిటికీల వెంట మెల్లగా కదిలి, ముందు కొస దాకా వెళ్లి, వెనక్కి వచ్చి ఆగింది. రేకు మీద వాన మోతలో మాట వినపడదు. ఆయన రేకు మీద చెయ్యి ఆనించి ఉంచారు.

లోపలి నుంచి ఆవిడ రెండుసార్లు తట్టారు.