పాత బండి విప్పితే

అంబాసిడర్ బానెట్ ఎత్తగానే ముందు కంటికి ఆనేది ఇంజిన్ కాదు, ఇంజిన్ చుట్టూ ఉన్న ఖాళీ. మోచేతి దాకా చెయ్యి దూర్చి తిప్పడానికి చోటుంటుంది. సందుల్లోంచి నేల కూడా కనిపిస్తుంది. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, డైనమో అన్నీ విడివిడిగా, పానాకు అందేంత దూరంలో ఉంటాయి. ఇప్పటి కారు బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూతొకటి ఎదురవుతుంది. దాని కింద ఏం తేడా వచ్చిందో కంప్యూటర్ తగిలిస్తే గానీ మెకానిక్కుకైనా తెలియదు. పాత కార్లు విప్పి బాగుచేసుకునే సరదా మన దగ్గర ఇంకా బతికి ఉండడానికి ఆ ఖాళీ జాగా ఓ పెద్ద కారణం. చూసి, విని, తడిమి అర్థం చేసుకోగల యంత్రం అది.

ఈ సరదాకు మన దేశంలో ముఖ్యంగా దొరికినవి మూడు బళ్లు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ ఒకటి. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుతో 1950ల చివర్లో మొదలై, 2014 మే వరకు నడిచింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఇటలీ ఫియట్ 1100 రెండోది. అది 1964లో డిలైట్‌గా, 1974లో పద్మినిగా పేర్లు మార్చుకుంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడోది. వీటికి మహీంద్రా జీపును కలుపుకుంటే దాదాపు నలభై ఏళ్ల భారతదేశపు రోడ్డు కళ్లముందుకొస్తుంది.

ఆ రోజుల్లో కారంటే ఎంత మాటో చెప్పడానికి లాల్ బహదూర్ శాస్త్రి ఫియట్ చాలు. ప్రధానమంత్రిగా ఉండి కూడా 12,000 రూపాయల కారు కోసం ఆయన పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు తీసుకున్నారు. ఆయన పోయాక ఆ బాకీని భార్య లలితా శాస్త్రి తన పెన్షన్‌లోంచి తీర్చారు. ఆ కారు ఇప్పటికీ ఢిల్లీలోని ఆయన స్మారక భవనంలో ఉంది. ప్రధానే అప్పుచేసి కొన్న వస్తువును మామూలు డాక్టరో ప్లీడరో తేలిగ్గా పారేస్తాడా? డబ్బు కట్టినా బండి చేతికి రావడానికి ఏళ్లు పట్టే కాలం. అందుకే 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా, ఆ తర్వాత కూడా చాన్నాళ్లు, కారు పాడైతే బాగుచేయించడమే తప్ప మార్చడమన్న ఆలోచనే లేదు.

ఇలా విప్పి బాగుచేయడానికి పెట్టుకున్న పాత బండిని ప్రాజెక్ట్ కారు అంటారు. మన ప్రాజెక్ట్ కారుకూ ఇంగ్లండు, అమెరికాల్లోని ప్రాజెక్ట్ కారుకూ తేడా వచ్చింది ఇక్కడే. అక్కడ కొట్టాల్లో మూలపడేసిన బళ్లు, దుమ్ము దులిపితే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలోనే బయటపడ్డ సందర్భాలున్నాయి. మన బండికి మూలన పడుకునే యోగం ఎక్కడిది? సొంత కారుగా మొదలై, టాక్సీగా తిరిగి, పెళ్లిళ్లు మోసి, ఎన్నికల్లో మైకు కట్టించుకుని, చివరికి షెడ్డు వెనక చింతచెట్టు కింద చేరుతుంది. చేరేలోపు ఎందరి చేతులో దాని మీద పడతాయి. పెట్రోలు ధర భరించలేక మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ ఎక్కించినవాళ్లు ఒకరు, స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేరు పీకేసి ఫ్లోర్ గేరు పెట్టించినవాళ్లు మరొకరు. కాబట్టి ఇక్కడ పాత కారు బాగుచేయడమంటే ముందు ఆ పాత రిపేర్లన్నిటినీ చదవడం.

చదవడానికి ఆనవాళ్లు చాలానే ఉంటాయి. పిస్టన్ నెత్తి మీద 020 అనో 040 అనో అంకె కొట్టి ఉంటే అది ఓవర్‌సైజ్ పిస్టన్. అంటే సిలిండర్లను అంగుళంలో వెయ్యింట ఇరవయ్యో నలభయ్యో వంతుల మేర బోరు చేశారన్నమాట. నలభై దాటితే బ్లాకులో ఇంకో బోరుకు లోహం మిగిలిందా అని ఆలోచించాలి. చాలదంటే స్లీవులు వేయించాలి. తలుపులు చూస్తే మరో కథ. అంబాసిడర్, ఫియట్‌లకు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే భారం మోస్తుంది. తలుపు కింద పొడవునా ఉండే బాక్సు తుప్పు తింటే బండి నడుం వంగి, పైన తలుపు సందు సన్నబడుతుంది, కింద వెడల్పవుతుంది. ఈ సంగతి తెలిసినవాడు ముందు తలుపు చుట్టూ సందులు కొలిచి, ద్వారానికి అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డు చేశాకే తుప్పు భాగాన్ని కోస్తాడు. తెలియనివాడు నేరుగా కోసేస్తాడు. ఆ తర్వాత ఆ తలుపు మళ్లీ సరిగ్గా పడదు.

ఇంజిన్ విప్పకముందే దాని నాడి పట్టే పద్ధతొకటి ఉంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి సెల్ఫ్ కొడతారు. ప్రెజర్ తక్కువ చూపితే అదే రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొడతారు. ఈసారి ముల్లు పైకి లేస్తే రింగులు అరిగాయని అర్థం. ఎందుకంటే ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. లేవకపోతే తప్పు వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. రెండు నిమిషాల పని, ఎన్నో వేల రూపాయల ఖర్చును ఇటో అటో తేల్చేస్తుంది. పాత ప్లగ్గులను కూడా పారేయకుండా వరసగా బల్ల మీద పెడతారు. లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి నలుపైతే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డు నలుపైతే ఆయిల్ పైకి వస్తోంది.

అంబాసిడర్ పాత ఇంజిన్ 1489 సీసీ, ఇనుప బ్లాకు, ఇనుప హెడ్డు. ఎంత మొరటుగా వాడినా ఓర్చుకుంటుంది. పద్మినిది 1089 సీసీ. చిన్నది, చురుకైనది, కానీ హెడ్డు అల్యూమినియం. నీళ్లు చూసుకోక ఒకసారి వేడెక్కించారా, హెడ్డు వంగిందే. అప్పుడు లేత్ షాపుకు తీసుకెళ్లి ముఖం చదును చేయించాలి. ఈ రెండు బళ్ల మధ్య పానాలు కూడా కలవవు. ఇంగ్లండు బండికి అంగుళాల పానాలు, ఇటలీ బండికి మిల్లీమీటర్లవి. ఒకటి వేయాల్సిన చోట ఇంకోటి వేసి నట్టు మూలలు గుండ్రంగా అరగదీసిన పాపం మన షెడ్లలో చాలామంది ఖాతాలో ఉంది.

సూక్ష్మమైన పనంతా సన్నని రేకుల ఫిల్లర్ గేజ్‌తోనే. వాల్వుల దగ్గరి టాపెట్ సందు, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు రెండూ అంబాసిడర్‌లో అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులకు అటూ ఇటుగా ఉండాలి. పాత మేస్త్రీలు కొందరు ఆ రేకును సందులో లాగి, పట్టు ఎంతుందో వేళ్లతోనే తేల్చేస్తారు. సిలిండర్లు మండే వరస 1-3-4-2. ప్లగ్ వైర్లు పీకినవాడు గుర్తు పెట్టుకోవాల్సిన మొదటి అంకెలివే. రెండు వైర్లు తారుమారైతే ఇంజిన్ సైలెన్సర్‌లోంచి తుపాకీ పేల్చి మరీ ఆ విషయం చెబుతుంది.

వీటన్నిటికన్నా కష్టమైనది బాడీ పని. మన దగ్గర దీన్ని టింకరింగ్ అంటారు. ఇంజిన్ పనికి మాన్యువల్ ఉంది, అంకెలున్నాయి. టింకరింగ్‌కు పుస్తకం లేదు. సొట్ట పడిన రేకు వెనక డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, ముందునుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తారు. బలంగా కొడితే రేకు సాగుతుంది. సాగిన రేకు ఉబ్బి, నొక్కితే టపటపమని లోపలికీ బయటికీ ఆడుతుంది. దాన్ని దారిలో పెట్టడానికి ఉబ్బిన చోట మధ్యలో గ్యాస్ మంటతో చిన్న చుక్క ఎర్రబడేలా కాల్చి, చుట్టూ తట్టి, వెంటనే తడిగుడ్డ వేస్తారు. చల్లారుతూ లోహం ముడుచుకుంటుంది. ఎక్కడ కాల్చాలి, ఎంత కాల్చాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చూసి నేర్చుకోవాల్సిందే. కళ్లు మూసుకుని అరచెయ్యి రేకు మీద నెమ్మదిగా జరుపుతూ ఎగుడుదిగుళ్లు పట్టే మేస్త్రీలున్నారు. కంటికంటే చెయ్యి నమ్మకమని వాళ్ల లెక్క. నిజంగానే రంగు పడ్డాక కంటికి కనబడే లోపం, పడకముందు చేతికి మాత్రమే తెలుస్తుంది.

ఇంత ఓపిక లేనివాళ్లకు లప్పం ఉంది. సొట్ట మీద మందంగా లప్పం మెత్తి, అరగదీసి, రంగు కొడితే ఆరు నెలలు అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత కింద నీరు చేరి, తుప్పు లోపల్నుంచే తింటుంది. పాత కారు కొనేవాడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లేది ఇందుకే. సన్నటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుకుంటూ పోతే, లప్పం మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. అమ్మేవాడి ముఖం చూస్తూ ఆ పరీక్ష చేయడంలో ఉన్న ఆనందం వేరు!

రంగుల విషయంలోనూ పాతవాళ్లకు ఓ పట్టింపు ఉంది. డ్యూకో అని మనం పిలిచే నైట్రోసెల్యులోజ్ రంగు సన్నని పూతలుగా పడుతుంది, త్వరగా ఆరుతుంది. పూతకూ పూతకూ మధ్య నీళ్ల ఎమరీతో రుద్ది, చివర కాంపౌండుతో చేత్తో మెరుగు పెట్టాలి. దానికొచ్చే మెరుపు లోతుగా, మెత్తగా ఉంటుంది. ఇప్పటి రెండు భాగాల పీయూ (పాలీయురెథేన్) రంగు గట్టిది, ఎండకు తట్టుకుంటుంది, కానీ అరవైల నాటి బండి మీద కాస్త కొత్త ప్లాస్టిక్ వస్తువులా మెరుస్తుంది. మన ఎండల్లో బయట పెట్టే బండికి పీయూనే మేలు. షెడ్డులో ఉండే బండికైతే డ్యూకో కష్టం ఊరికే పోదు.

వైరింగ్ దగ్గర మాత్రం బ్రిటిషువాళ్లకు దండం పెట్టాలి. లూకాస్ కంపెనీ రంగుల లెక్క ఒకసారి తలకెక్కితే చీకట్లో కూడా లాంతరు అక్కర్లేదు. బ్యాటరీ నుంచి వచ్చే ముఖ్యమైన కరెంటు గోధుమ రంగు తీగలో, ఇగ్నిషన్‌ది తెల్ల తీగలో, దాని ఫ్యూజు దాటాక ఆకుపచ్చలో, హెడ్‌లైట్లది నీలంలో వస్తుంది, ఎర్త్ నలుపు. గొడవంతా తర్వాత చేతులు మారినప్పుడు వచ్చింది. దొరికిన రంగు తీగను దొరికిన చోట అతికించి టేపు చుట్టేశారు. అందుకే అనుభవమున్నవాళ్లు అతుకుల్ని వెతకరు, మొత్తం తీగల కట్టనే కొత్తగా అల్లిస్తారు.

సామాన్ల వేట అదో లోకం. మద్రాసు పుదుపేట, కలకత్తా మల్లిక్ బజార్, మన సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ జవహర్ ఆటోనగర్. ఆటోనగర్ పేరు లారీ బాడీలకు ప్రసిద్ధమే గానీ, కమాన్ కట్టలకు మళ్లీ వంపు తేవడం నుంచి దొరకని బుష్‌ను లేత్ మీద తిప్పి చేయించడం దాకా అక్కడ అడగాలేగానీ చేసిపెట్టేవాళ్లుంటారు. బంపరుకు క్రోమ్ వేయించాలంటే ముందు రాగి, దాని మీద నికెల్, ఆ పైన క్రోమ్ పడాలి. రాగి పూతను ఎగ్గొట్టిన పనిని రెండు వానాకాలాలే పట్టించేస్తాయి.

ఈ పనుల జ్ఞాపకాలు ఇళ్లలో ఎక్కువగా బ్రేకుల చుట్టూ తిరుగుతాయి. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. కారు కింద తండ్రి, సీటు అంచున కాళ్లు అందీ అందక కూర్చున్న పిల్లాడు. “తొక్కు నాన్నా... ఇంకోసారి... ఆఁ, పట్టుకో, వదలకు!” చక్రం దగ్గర నిపుల్ వదులు చేయగానే సీసాలోకి బుడగలతో ఆయిల్ దిగుతుంది, పిల్లాడి కాలి కింద పెడల్ కిందకి జారిపోతుంది. నిపుల్ బిగించేలోపు పిల్లాడు కాలు తీశాడో, గాలి మళ్లీ లోపలికి. మొదటి నుంచి మొదలు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చల్లారిపోతున్నా ఆ పని మధ్యలో ఆపేవాళ్లు కాదు. ఇప్పుడు సొంతంగా పాత ఫియట్ తెచ్చుకుని విప్పుతున్న నడివయసువాళ్లలో చాలామందికి మెకానిక్ విద్యలో ఓనమాలు ఆ పెడల్ దగ్గరే పడ్డాయి, లేదా టార్చి లైటు పట్టుకుని “అటు కాదురా, ఇటు” అని తిట్లు తిన్నచోట.

ఇక అసలు వాదం. పాత రిపేర్లన్నీ పీకేసి ఫ్యాక్టరీ రూపానికి తేవాలా, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడాలా? 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మొదటి పక్షానివే. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపం మారని బండికే వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లకోసారి రెన్యువల్‌కు 5,000. రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రం తీయొచ్చు. మెటాడోర్ ఇంజిన్ మోస్తున్న అంబాసిడర్‌కు ఈ గౌరవం దక్కదు. చట్టానికి ఏదో ఒక గీత కావాలి కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కానీ అన్ని బళ్లనూ 1960 నాటి బ్రోచరులోకి తిరిగి తోసేస్తే, పెట్రోలు మంటను తట్టుకుని బతికిన ఆ డీజిల్ అంబాసిడర్ చరిత్ర చెరిగిపోతుంది. టాక్సీగా బతికిన బండి టాక్సీగానే మిగలాలి. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగినప్పుడు జనం తలచుకున్నది దాని నలుపూ పసుపూ రంగుల్ని, నెత్తి మీది లగేజీ క్యారియర్‌ని. వాటిని తీసేసి ఫ్యాక్టరీ తెలుపు కొడితే అది బాగుచేయడం ఎలా అవుతుంది?

కొన్ని మార్పులు మాత్రం తప్పవు. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత ఇంజిన్లలో ఆ సీసమే వాల్వు సీట్లను కాచేది. అది పోయాక హెడ్డులోకి గట్టి లోహపు సీట్లు దించడం మంచిది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. దానికి పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం మెత్తబడి పాడవుతాయి. వాటిని ఇథనాల్‌కు ఆగే రకంతో మార్చకుండా అసలు సామానే కావాలని పట్టుబడితే బానెట్ కింద మంట పెట్టుకున్నట్టే.

అంతా బిగించాక బండిని తొందరపెట్టకూడదు. కొత్తగా బోరు చేసిన సిలిండర్లో రింగులు ఒదగడానికి సమయం కావాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగం పెంచరు, ఎత్తు రోడ్ల మీద పెద్ద గేరులో ఈడ్చరు. హెడ్డు బోల్టుల్ని మాన్యువల్ చెప్పిన వరసలో మరోసారి బిగిస్తారు. బిగించాక టాపెట్ల సందు మారుతుంది కాబట్టి ఫిల్లర్ గేజ్ మళ్లీ బయటికి వస్తుంది. మొదటి ఆయిల్‌ను 500 కిలోమీటర్లకే దింపేసి, పారబోసే ముందు రెండు వేళ్ల మధ్య రాసి చూస్తారు. రజను మెరిస్తే బేరింగుల మీద అనుమానం, ఇంజిన్ మళ్లీ కిందికి. మెరవకపోతే కొత్త ఆయిల్ పోసి, కలకత్తా నుంచి ఇంకా రాని తలుపు రబ్బర్ల కోసం ఫోన్లు మొదలుపెడతారు.