బీద నీళ్లలోనే చూపు ఆనుతుంది

స్కూబా డైవింగ్ అనగానే మనకు రుషికొండో అండమానో గుర్తొస్తుంది. మంచినీళ్లలోకి సిలిండర్ కట్టుకుని దిగడమేమిటని నవ్వేవాళ్లూ ఉంటారు. మన చెరువులను తలుచుకుంటే ఆ నవ్వు సబబే. చేల మీంచి వచ్చే వాననీరు ఒండ్రునూ ఎరువునూ మోసుకొస్తుంది. నాచు పెరుగుతుంది, చేప బలుస్తుంది. పైరుకు అది వరం. డైవర్‌కు కావలసింది మాత్రం పోషకాలు లేని బీద సరస్సు.

అందుకే వెతికేవాళ్లు నీటికంటే ముందు నేలను చూస్తారు. చుట్టూ రాయీ అడవీ ఉంటే ఆశ ఉన్నట్టే. దుక్కి భూములూ మురుగుకాలువలూ కనిపిస్తే మరో చోటు చూసుకోవలసిందే. ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా చీలికలోకి వచ్చే నీరు లాంగ్‌యోకుల్ హిమానీనదం నుంచి లావా రాళ్ల గుండా ఏళ్ల తరబడి వడకట్టుకుని వస్తుంది. అక్కడ వంద మీటర్ల దాకా చూపు ఆనుతుందంటారు.

తర్వాతిది సెక్కీ పళ్లెం. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ మధ్యధరా సముద్రంలో పరీక్షించిన పద్ధతి ఇది. పళ్లేన్ని తాడుతో దించి, ఎంత లోతున కనుమరుగైందో కొలుస్తారు. వానలు పడ్డాక ఇంకోసారి కొలవనిదే ఆ లెక్కను నమ్మకూడదు. పైగా అది పైనీటి సంగతే చెబుతుంది. వేసవిలో పైన వెచ్చని పొర, కింద చల్లని పొర విడివిడిగా ఉంటాయి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు కనుక, చలిదేశాల లోతైన సరస్సుల అడుగున మండువేసవిలోనూ దాదాపు అంతే చలి. నీరు చొరబడని డ్రై సూట్, గాలి అందించే గడ్డకట్టని రెగ్యులేటర్ లేకుండా అక్కడికి పోవడం తెగువ కాదు, తెలివితక్కువతనం.

మంచినీరు ఉప్పునీటికంటే రెండున్నర శాతం తేలిక, కాబట్టి నడుముకు కట్టే సీసం తగ్గించుకోవాలి. కాలిఫోర్నియా, నెవాడాల మధ్య ఉన్న టాహో సరస్సు సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కనుక అక్కడ లోతుకూ సమయానికీ లెక్కలు వేరు. జలాశయమైతే తూములెక్కడో తెలియనిదే దిగకూడదు. తెరిచిన తూము మనిషిని లాగి అదిమిపెడితే గజ ఈతగాడైనా విడిపించుకోలేడు. నీళ్లు నిండిన క్వారీలు తేటగా కనిపించి ఊరిస్తాయి, కానీ నిట్టనిలువు గోడల మధ్య గట్టెక్కే దారి ముందే చూసుకోవాలి.

ఇంత శ్రమ దేనికంటే ఉత్తర అమెరికాలోని హ్యూరాన్ సరస్సును చూపించాలి. మిషిగన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు దాని ఒడ్డునున్న అల్పీనా ఊరు కారులో వెళ్లగలిగే దూరమే. అక్కడి థండర్ బేను 2000లో జాతీయ అభయారణ్యంగా ప్రకటించారు, చెట్ల కోసం కాదు, మునిగిన ఓడల కోసం. సముద్రంలో కలపను తొలిచే ఓడపురుగు మంచినీటిలో బతకదు. పైగా చలి. అందుకే 1865లో తన జంట ఓడనే ఢీకొని మునిగిన పెవాబిక్ లాంటి కొయ్య ఓడలు ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. అయితే పెవాబిక్ చాలా లోతున ఉంది, కొత్తవాళ్లకు తగదు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో ఉన్నవాటితో మొదలుపెట్టడం మేలు.

ఇటీవలి దశాబ్దాల్లో హ్యూరాన్ ఇంకా తేటపడింది. డైవర్లు సంతోషించారు, జాలర్లు కాదు. 1980లలో నిలకడ కోసం ఓడల అడుగున నింపే నీటితో వచ్చిపడ్డ జీబ్రా ఆల్చిప్పలు, వాటి వెనకే వచ్చిన క్వాగా జాతి ఆల్చిప్పలు నీటిలోని సూక్ష్మజీవులను వడపోసి తినేస్తున్నాయి. చేపపిల్లలకు మేత కరువైంది. ఆ ఆల్చిప్పలే ఇప్పుడు ఓడల కొయ్య మీద గుత్తులుగా పేరుకుని చెక్కడాలనూ పేర్లనూ కప్పేస్తున్నాయి.